19 అంగుళాల టైర్లు, ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ: కావలి నుంచి ఒంగోలు వెళ్లేసరికి అమ్మ నడుం పట్టేస్తోంది

కావలి కుర్రోడు | మే 3, రాత్రి 9:20

అందరికీ నమస్తే. ఫిబ్రవరిలో ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ తీసుకున్నాను, టాప్ వేరియంట్. ఏ కారన్నది రాయడం లేదు. ఇది ఒక్క కారుకి వచ్చిన సమస్య కాదనిపిస్తోంది. టైర్లు 235/50 ఆర్ 19. ఇప్పటికి 4,100 కిలోమీటర్లు తిరిగింది.

నడిపేవాడికి బండి చాలా బాగుంది. ఇబ్బంది అంతా వెనక సీట్లో. అమ్మకు రెండేళ్ల కిందట నడుముకి ఆపరేషన్ అయింది, నెలకోసారి ఒంగోలులో చూపించాలి. పాత డీజిల్ కారులో అయితే కునుకు తీస్తూ వచ్చేది. ఇందులో సింగరాయకొండ దాటకముందే "కాసేపు ఆపు నాయనా" అంటోంది. హైవే ఆరు లైన్లు, చూడటానికి నున్నగానే ఉంటుంది. కానీ వంతెనల మీద జాయింటు వచ్చిన ప్రతిసారీ టక్కుమని నేరుగా సీట్లోకి కొడుతోంది. ఊళ్ల దగ్గర వేసిన తెల్ల పట్టీల మీద అయితే చెప్పక్కర్లేదు. విచిత్రం ఏంటంటే, పెద్ద స్పీడ్ బ్రేకర్ మీద మాత్రం మెత్తగా ఎక్కి మెత్తగా దిగుతుంది.

సర్వీస్ సెంటర్‌లో అడిగితే "ఎలక్ట్రిక్ బండ్లు ఇంతే సార్, బరువు కదా" అని పంపేశారు. సస్పెన్షన్ చూపించాలా? టైర్లు మారిస్తే తేడా ఉంటుందా? అమ్మ నాకు బాధ కలగకూడదని "బానే ఉందిలే" అంటోంది, అదే నాకు ఎక్కువ బాధగా ఉంది.

పెన్నా గట్టు | మే 3, రాత్రి 9:34

తమ్ముడూ, ముందు ఒక్క మాట చెప్పు. గాలి ఎంత ఉంది? డ్రైవర్ డోర్ తీస్తే స్టిక్కర్ ఉంటుంది, దాని మీద ఎంత రాసుంది?

కావలి కుర్రోడు | మే 3, రాత్రి 9:51

ఇప్పుడే కిందకెళ్లి చూశాను అన్నా. స్టిక్కర్ మీద నాలుగింటికీ 36 పీఎస్‌ఐ. స్క్రీన్ మీద 41, 41, 42, 41 చూపిస్తోంది. మధ్యాహ్నం నుంచి బండి కదల్లేదు.

పెన్నా గట్టు | మే 3, రాత్రి 9:58

సగం దొంగ దొరికాడు. కొత్త బండ్లు యార్డులో రోజుల తరబడి నిలబడి ఉంటాయి కాబట్టి టైరు అణగకుండా గాలి ఎక్కువ పట్టించి పంపుతారు. డెలివరీకి ముందు తగ్గించాలి. నీకు తగ్గించకుండానే ఇచ్చేశారు. ఆ తర్వాత నువ్వూ చూసుకోలేదు.

రేపు పొద్దున ఆరింటికి, ఎండ తగలకముందు, బండి కదలకముందు 36కి పెట్టు. బంకు దాకా నడుపుకుంటూ వెళ్తే టైరు వేడెక్కి లెక్క మారిపోతుంది. ఇంట్లో చిన్న పంపు, గేజి ఉంచుకోవడం మేలు.

రొయ్యల చెరువు | మే 3, రాత్రి 10:15

36 ఎందుకు, 30కి దించెయ్ అబ్బయ్యా. నేను చెరువు గట్ల మీద తిరిగే జీపుకి అట్టనే పెడతా, దూదిలా ఉంటది.

ఒంగోలు టైర్ల కొట్టు | మే 3, రాత్రి 10:40

రొయ్యల చెరువు అన్నా, గట్టు మీద 20 స్పీడులో మీరు చేసేది సరైన పనే. కానీ ఆ తమ్ముడు అదే 30తో రెండు టన్నుల బండిని హైవే మీద 100లో తోలతాడు. పద్దెనిమిదేళ్లుగా ఈ పనిలో ఉన్నాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను, వద్దు.

గాలి తగ్గితే సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ, ప్రతి చుట్టుకీ ఎక్కువ వంగుతుంది. వంగిన కొద్దీ లోపల వేడి పుడుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ ఎండలో రోడ్డే కాలుతుంటే టైరుకి తోడు లోపలి వేడి కూడా. మే నెలలో నా కొట్టుకి వచ్చే పగిలిన టైర్లు చాలావరకు గాలి తక్కువై పగిలినవే. లోపల చెయ్యి పెడితే సైడ్‌వాల్ వెంబడి రబ్బరు పొడి పొడిగా రాలుతుంది. అది చూస్తే ఎవరూ గాలి తగ్గించమని అడగరు. స్టిక్కర్ ఎంతంటే అంతే. ఇంట్లో ఐదుగురూ, సామానూ ఉంటే నిండు లోడుకి విడిగా రాసిన అంకె చూసి పెట్టాలి.

ఇక తమ్ముడు అడిగిన అసలు సంగతి. పెద్ద స్పీడ్ బ్రేకర్ మీద మెత్తగా, చిన్న జాయింటు మీద గట్టిగా ఎందుకు? బండికి మొదటి స్ప్రింగు టైరే. స్పీడ్ బ్రేకర్ లాంటి పెద్ద ఎత్తుపల్లాన్ని కింద ఉన్న కాయిల్ స్ప్రింగు, షాక్ అబ్జార్బరూ మింగుతాయి, వాటికి కదలడానికి టైము దొరుకుతుంది. వంతెన జాయింటు అట్లా కాదు. వేలెడంత గ్యాపు, రెప్పపాటులో దాటిపోతుంది. ఆ దెబ్బ స్ప్రింగు దాకా చేరేలోపు మింగాల్సింది టైరే. అందులో గాలి బిగిసిపోయి ఉన్నా, సైడ్‌వాల్ పొట్టిగా ఉన్నా మింగలేక పైకి తోసేస్తుంది. మీ సస్పెన్షన్ బాగానే ఉంది.

బరువు మాటలో కొంత నిజం లేకపోలేదు. కింద కొన్ని వందల కిలోల బ్యాటరీ ఉంటుంది. దాన్ని మోయడానికి స్ప్రింగులు గట్టివి వేస్తారు, టైర్లు కూడా చాలా బండ్లకి ఎక్స్‌ఎల్ రకం, అంటే ఎక్కువ బరువు మోసేవి ఇస్తారు. వాటి సైడ్‌వాల్ మామూలు వాటికంటే బిగుతు. అందుకే ఈ బండ్లలో టైరు ఎంపిక దగ్గర చేసే చిన్న తప్పు కూడా నడుముకి తెలుస్తుంది.

దర్గామిట్ట అక్క | మే 4, ఉదయం 7:05

మాదీ ఎలక్ట్రిక్కే. మాకు కుదుపు అంతగా లేదు కానీ 70 దాటాక వెనక నుంచి సన్నగా "హూం" అని మోత. మా అత్తయ్యగారికి అది తలనొప్పి తెప్పిస్తోంది. ఇది కూడా గాలి వల్లేనా?

లెక్కల టీచర్, ఆత్మకూరు | మే 4, ఉదయం 8:30

అక్కా, మోత వేరు, కుదుపు వేరు. వాటిని కలిపేస్తే డబ్బులు తప్పు చోట ఖర్చవుతాయి. మీ ప్రశ్నకి కింద వస్తాను.

ముందు కావలి తమ్ముడి లెక్క. 235/50 ఆర్ 19 అంటే రిమ్ము 19 అంగుళాలు, టైరు వెడల్పు 235 మిల్లీమీటర్లు. అందులో 50 శాతం సైడ్‌వాల్ ఎత్తు, అంటే 117.5. మీ కారులోనే కింది వేరియంట్‌కి 18 అంగుళాల రిమ్ము, 235/55 టైరు వస్తూ ఉంటే దాని సైడ్‌వాల్ 129.25. టైరు మొత్తం ఎత్తు చూడండి: మొదటిది 717.6, రెండోది 715.7. తేడా రెండు మిల్లీమీటర్లు కూడా లేదు. స్పీడోమీటర్ మారదు, బండి ఎత్తూ మారదు. కానీ రోడ్డుకీ రిమ్ముకీ మధ్య ఉన్న మెత్తటి భాగం సరిగ్గా పది శాతం పెరుగుతుంది. చాలామంది 12 మిల్లీమీటర్లే కదా అంటారు. జాయింటు దెబ్బ తగిలే క్షణంలో పని చేసేది ఆ మిల్లీమీటర్లే.

ఇంకో ఉదాహరణ. నాది నెక్సాన్ ఈవీ, టైర్లు 215/60 ఆర్ 16. సైడ్‌వాల్ 129. అంటే మీకంటే చిన్న కారులో మీకంటే ఎత్తయిన సైడ్‌వాల్ ఉంది. సోమశిల వైపు రోడ్డు ఎట్టా ఉంటుందో తెలిసినవాళ్లకి తెలుసు, దాని మీద వారానికి మూడు సార్లు తిరుగుతాను.

అక్కా, మీ "హూం" గురించి. టైరు లోపల గాలి గుండ్రటి గొట్టంలో ఉన్నట్టు ఉంటుంది. రోడ్డు గరుకు దాన్ని కొట్టినప్పుడు అది 200 హెర్ట్జ్ దరిదాపుల్లో మోగుతుంది. ఇంజిన్ ఉన్న కారులో ఆ మోత ఇంజిన్ చప్పుడులో కలిసిపోతుంది. ఎలక్ట్రిక్‌లో కప్పేది ఏమీ లేదు. కొన్ని టైర్లకి లోపల స్పాంజి లాంటి ఫోమ్ అతికిస్తారు, అది ఈ మోతని బాగా తగ్గిస్తుంది. ఫోమ్ వల్ల కుదుపు తగ్గదు, అది గుర్తుంచుకోండి.

చీమకుర్తి రోడ్డు | మే 4, ఉదయం 9:10

ఫోమ్ టైరు కొనే ముందు పంచర్ సంగతి ఆలోచించండి. మా వైపు గ్రానైట్ లారీల వల్ల రోడ్డు నిండా రాతి ముక్కలే. నా ఫోమ్ టైరుకి పంచర్ పడితే ఇద్దరు వేయలేమన్నారు. మూడో ఆయన రిమ్ము నుంచి టైరు విప్పి, పంచర్ ఉన్న చోట ఫోమ్ ముక్క కోసి తీసి, శుభ్రం చేసి లోపలి నుంచి ప్యాచ్ వేశాడు. గంటన్నర పట్టింది. స్పేర్ టైరు లేని బండి, దానితో పాటు ఇచ్చిన సీలెంట్ (పంచర్‌ను మూసే ద్రవం) డబ్బాతోనే నెట్టుకొచ్చాను.

ఇంకో అనుభవం. రాళ్లకి తట్టుకుంటాయని మట్టి రోడ్డు రకం, పెద్ద గళ్ల టైర్లు వేయించాను. రాళ్లకి తట్టుకున్నాయి. కానీ హైవే ఎక్కితే ఒకటే గోల, యూనిట్‌కి 6.3 కిలోమీటర్లు వచ్చేది 5.6కి పడింది. ఆరు నెలలకే తీసేశాను. నూటికి తొంభై పాళ్లు తారు రోడ్డు మీద తిరిగేవాళ్లు వాటి జోలికి పోవద్దు.

కొత్త మెంబర్, పొదిలి | మే 4, ఉదయం 10:02

నైట్రోజన్ పట్టిస్తే మెత్తగా ఉంటుందని బంకులో అంటున్నారు. నిజమేనా?

పెన్నా గట్టు | మే 4, ఉదయం 10:20

మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజనే. 36 అంటే దేనితోనైనా 36. నైట్రోజన్ పట్టిస్తే ఒత్తిడి మెల్లగా తగ్గుతుంది, తేమ ఉండదు, అంతవరకే. మెత్తదనం దాంతో రాదు.

కావలి కుర్రోడు | మే 5, రాత్రి 8:45

అప్‌డేట్. నిన్న పొద్దున ఆరింటికి నాలుగూ 36కి పెట్టాను. ఈరోజు అమ్మను కూర్చోబెట్టుకుని సింగరాయకొండ దాకా వెళ్లి వచ్చాను. తేడా ఉంది! రోడ్డు గరుకు వల్ల కింద నుంచి వచ్చే ఆ సన్న వణుకు చాలావరకు పోయింది. అమ్మే చెప్పింది, "కాళ్ల కింద జివ్వుమనడం లేదు" అని. కానీ మన్నేరు వంతెన మీద జాయింట్లు ఇంకా తెలుస్తున్నాయి. ముందు పది పాళ్లు అనుకుంటే ఇప్పుడు ఏడు.

తిరిగొచ్చేటప్పుడు మధ్యాహ్నం రెండింటికి స్క్రీన్ చూస్తే 40. మళ్లీ పెరిగింది. కొంచెం తీసేయాలా?

ఒంగోలు టైర్ల కొట్టు | మే 5, రాత్రి 9:02

ముట్టుకోవద్దు! చల్లగా ఉన్నప్పుడు 36 పెట్టిన టైరు ఎండలో, పరుగులో 40 అవడం మామూలే. లోపలి గాలి ఐదారు డిగ్రీలు వేడెక్కితే ఒక పీఎస్‌ఐ పెరుగుతుంది. వేడి మీద తీసేస్తే రేపు పొద్దున్నకి 32 అవుతుంది. కంపెనీ వాళ్లు ఆ పెరుగుదలని లెక్కలోకి తీసుకునే 36 అని రాస్తారు.

మిగిలిన ఆ ఏడు పాళ్లు సైడ్‌వాల్‌ది. అక్కడ గాలితో చేయగలిగింది ఇంకేమీ లేదు.

వేదాయపాళెం | మే 5, రాత్రి 9:40

కావలి తమ్ముడూ, మీ వర్ణన చూస్తే మీదీ నాదీ ఒకటే కారు అనుకుంటున్నాను. నాది కింది వేరియంట్, 18 అంగుళాలు, 235/55. కొత్తవి కొనే ముందు ఒక పని చేద్దాం. ఆదివారం కావలి వస్తాను. మా బండిలో అమ్మగారిని కూర్చోబెట్టి అదే రోడ్డు మీద తీసుకెళ్లి చూడండి. వేలకు వేలు పెట్టాక తేడా లేదనుకుంటే ఎంత బాధ.

కావలి కుర్రోడు | మే 5, రాత్రి 9:47

అన్నా, ఇంత మంచి మాట ఎవరంటారు. తప్పకుండా రండి. భోజనం మా ఇంట్లోనే.

లెక్కల టీచర్, ఆత్మకూరు | మే 5, రాత్రి 10:10

రెండు బండ్లకీ పొద్దున్నే ఒకే గేజితో ఒకే ఒత్తిడి పెట్టండి. ఒకే మనుషులు, ఒకే సీటు, ఒకే స్పీడు. లేకపోతే పోల్చినట్టు కాదు. టైర్ల మీద లోడ్ ఇండెక్స్ (ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె) కూడా చదివి ఇక్కడ రాయండి.

కావలి కుర్రోడు | మే 10, సాయంత్రం 6:30

ఈరోజు జరిగింది రాస్తాను, కొంచెం పొడుగవుతుంది.

వేదాయపాళెం అన్న పొద్దున ఆరున్నరకే వచ్చారు. నా గేజితోనే ఎనిమిది టైర్లూ 36కి పెట్టాం. ముందు నా బండి. కావలి నుంచి ఉలవపాడు మీదుగా మన్నేరు దాటి సింగరాయకొండ, స్పీడు 80. అమ్మ వెనక ఎడమ వైపు కూర్చుంది. నేను అద్దంలో ఆమె చెయ్యినే చూస్తున్నాను. తలుపు మీద ఉన్న పిడిని పట్టుకునే ఉంది, ప్రతి జాయింటుకీ వేళ్లు బిగుసుకుంటున్నాయి. ఆమెకు తెలియకుండానే అట్టా పట్టుకుంటుందని నాకు ఈరోజే తెలిసింది.

తిరిగి కావలి వచ్చి బండి మారాం. అదే రోడ్డు, అదే 80. వంతెన మీదకి ఎక్కినప్పుడు జాయింట్ల శబ్దం వినపడింది కానీ "టక్" అన్నది "దప్" అయింది. అంతకంటే బాగా చెప్పలేను. అద్దంలో చూస్తే అమ్మ రెండు చేతులూ ఒళ్లో ఉన్నాయి. వంతెన అయిపోయాక "దాటేశామా?" అంది. ఆ ఒక్క మాటతో నాకు లెక్క తేలిపోయింది. వచ్చేటప్పుడు ఉలవపాడులో ఆపించి మామిడికాయలు బేరమాడింది. చాలా రోజుల తర్వాత దారిలో దిగి నడిచింది.

టీచర్ గారూ, మీరు అడిగిన అంకెలు: నా 19 టైర్ల మీద 103 వి, ఎక్స్‌ఎల్. అన్న 18 టైర్ల మీద 100 వి.

లెక్కల టీచర్, ఆత్మకూరు | మే 10, రాత్రి 7:15

పక్కనున్న వి స్పీడుకి సంబంధించిన గుర్తు. 103 అంటే ఒక్కో టైరు 875 కిలోలు మోయగలదు, 100 అంటే 800. నాలుగు కలిపితే 3,200. కింది వేరియంట్‌కి కంపెనీయే 100 ఇచ్చింది. మీ బండి నిండు బరువు ఆ వేరియంట్ కంటే ఎక్కువేమో ఆర్‌సీలో చూసుకోండి. బ్యాటరీ పెద్దదైతే ఎక్కువ ఉండవచ్చు, అప్పుడు స్టిక్కర్ మీద ఒత్తిడి కూడా వేరే ఉంటుంది. ఎవరికైనా చెప్పేది ఇదే: మెత్తదనం కోసం కంపెనీ చెప్పిన లోడ్ ఇండెక్స్ కంటే కిందకి దిగకూడదు.

ఇంకో విషయం. మీ రెండు బండ్ల మధ్య సైజు ఒక్కటే కాదు, ఎక్స్‌ఎల్, మామూలు అన్న తేడా కూడా ఉంది. కాబట్టి ఈ మార్పు మొత్తం సైడ్‌వాల్ ఎత్తు వల్లే అనుకోకండి. బిగుతు తగ్గడం వల్ల కూడా కొంత వచ్చింది.

కావలి కుర్రోడు | మే 10, రాత్రి 7:50

ఆర్‌సీ చూశాను. ఇద్దరిదీ ఒకటే బ్యాటరీ, నా బండి నిండు బరువు 30 కిలోలే ఎక్కువ. డోర్ స్టిక్కర్ మీద 18, 19 రెండు సైజులూ రాసున్నాయి, ఒత్తిడి రెండింటికీ 36.

వేదాయపాళెం | మే 10, రాత్రి 8:20

అయితే ఒక మాట. మా అబ్బాయికి ఎప్పటినుంచో 19 అంగుళాల అల్లాయ్‌లు కావాలని. మేము ఎక్కువ నెల్లూరు టౌన్‌లోనే తిరుగుతాం, ఇద్దరమే ఉంటాం. మన సెట్లు మార్చుకుందామా? నావి 6,000 కిలోమీటర్లు తిరిగాయి, మీవి కొత్తవి, ఖరీదు కూడా ఎక్కువ. ఆ తేడా డబ్బులు ఎంతో ఒంగోలు టైర్ల కొట్టు వారు చెబితే ఇచ్చేస్తాను.

ఒంగోలు టైర్ల కొట్టు | మే 10, రాత్రి 9:00

సంతోషంగా చెబుతాను, ఫోటోలు పెట్టండి. కానీ మార్చే ముందు ఇవి చూసుకోండి. టాప్ వేరియంట్‌కి ముందు బ్రేకు పెద్దదేమో, 18 రిమ్ము లోపల క్యాలిపర్‌కి (బ్రేకు ప్యాడ్లను పట్టి ఉంచే భాగం) తగలకుండా పడుతుందో లేదో ఒక చక్రం ఎక్కించి చేత్తో తిప్పి చూడాలి. రిమ్ముల్లో గాలి ఒత్తిడి చూపించే సెన్సార్లు ఉంటాయి, అవి ఏ బండికి ఆ బండికి మళ్లీ కలపాలి. కంపెనీ ఇచ్చిన సైజే కాబట్టి ఇబ్బంది ఉండకూడదు, అయినా ఇద్దరూ ఇన్సూరెన్స్ వాళ్లకి ఒక మెయిల్ పెట్టి జవాబు దాచుకోండి.

ఈ చర్చ చదివి కొత్త టైర్లు కొనబోయే వాళ్లకి కూడా ఒక మాట. మెత్తదనం, నిశ్శబ్దం కావాలంటే టూరింగ్ రకం (దూర ప్రయాణాల్లో సుఖం కోసం చేసినవి) అడగండి, స్పోర్ట్స్ రకం వద్దు. మిషెలిన్ ప్రైమసీ 4 ఎస్‌టీ నిశ్శబ్దం కోసమే చేసింది. ఎలక్ట్రిక్ బండ్ల కోసమే అపోలో ఆంపీరియన్, సియట్ ఎనర్జీడ్రైవ్ ఉన్నాయి. మీ సైజులో ఏది దొరుకుతుందో దాన్ని బట్టి. అపోలో ఫ్యాక్టరీ 2020 నుంచి మన పక్కనే తిరుపతి జిల్లా చినపాండూరులో ఉంది కదా, కొత్త సరుకే వస్తుందిలే అనుకోవద్దు. ఏ కంపెనీదైనా సైడ్‌వాల్ మీద నాలుగు అంకెలు చదవండి. 1425 అంటే 2025లో 14వ వారం తయారైంది. ఏళ్ల తరబడి గోడౌన్‌లో పడున్న టైరు రబ్బరు గట్టిపడుతుంది, ఇక ఎంత మంచి మోడల్ అయినా ఏం లాభం.

దర్గామిట్ట అక్క | మే 11, ఉదయం 6:50

మా టైర్లు ఎటూ అరిగాయి, ఈ నెలలో మార్చాలి. ఫోమ్ వద్దనుకుంటున్నాను, పంచర్ సంగతి చదివి భయమేసింది. టూరింగ్ రకమే చూస్తాం. వేశాక మోత తగ్గిందో లేదో మా అత్తయ్యగారి మాటల్లోనే రాస్తాను.

కావలి కుర్రోడు | మే 18, రాత్రి 9:30

శనివారం ఒంగోలులోనే మార్చుకున్నాం. క్యాలిపర్ ఎక్కడా తగల్లేదు. సెన్సార్లు కలపడానికి అరగంట పట్టింది. బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ కూడా చేయించాం. వేదాయపాళెం అన్న తేడా కింద 22 వేలు ఇచ్చారు, నేను తగ్గించమన్నా వినలేదు.

ఈరోజు అమ్మను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి వచ్చాను. పోను 65, రాను 65 కిలోమీటర్లు, ఒక్కసారి కూడా ఆపమనలేదు. టంగుటూరు టోల్‌గేట్ దగ్గర చూస్తే నిద్రపోతోంది. యూనిట్‌కి 6.0 వచ్చేది 6.2 వచ్చింది. నేను దాని కోసం మార్చలేదు కానీ రాస్తున్నాను. మలుపుల్లో మాత్రం స్టీరింగ్ ముందంత చురుగ్గా లేదు, కొంచెం బద్ధకంగా తిరుగుతుంది. నాకు ఫర్వాలేదు.

ఒంగోలు టైర్ల కొట్టు | మే 18, రాత్రి 9:44

చాలా సంతోషం తమ్ముడూ. ఒక్క పని మిగిలింది. చక్రాలు విప్పి బిగించాక వంద కిలోమీటర్ల లోపు నట్లు మరోసారి చూపించుకోవాలి, నువ్వు ఈరోజే వంద దాటేశావు.

కావలి కుర్రోడు | మే 18, రాత్రి 9:50

రేపు పొద్దున బండి తీసేముందే చూపిస్తాను అన్నా. వేదాయపాళెం అన్నకి కూడా ఇప్పుడే ఫోన్ చేసి చెబుతాను.